ఫొటో ఉందా?

మొన్న రాత్రి మా పల్నాడు ఊళ్లో దొడ్డి తడిక కోసి నాలుగు మేకల్ని కారెక్కించుకుపోయారు. అవి మావే. కార్లో మేకలేంటని నవ్వకండి, వెనక సీటు పీకేస్తే ఆరేడు పడతాయి. నాన్నకి అవే బ్యాంకు. చెల్లి కాలేజీ ఫీజుకి పోతుని అమ్ముదామనుకున్నాం.

స్టేషన్లో మొదటి ప్రశ్న: "ఫొటో ఉందా?"

నా ఫోన్లో సెల్ఫీలు వేలల్లో ఉన్నాయి, మేకది ఒక్కటీ లేదు. చెవికి ట్యాగుంటే 12 అంకెల నంబరైనా చెప్పేవాళ్లం. టీకాలప్పుడు వేస్తామంటే, చెవి పుండవుద్దని నాన్నే వద్దన్నాడు.

సంతలన్నీ తిరిగాం. ఒకచోట నాన్న పిలవగానే ఓ మేక గబుక్కున తలెత్తింది.

"మేక సాక్ష్యం చెల్లదు బాబాయ్" అన్నాడు అమ్మేవాడు.