మొక్కేం లేదండీ, ఊరికే వెళ్ళొచ్చా

మా అమ్మాయి జర్మనీలో ఉద్యోగం చేస్తోందని మీకు ఇదివరకే చెప్పాను కదా. పోయిన అక్టోబరులో సెలవు దొరికితే ఇటలీలో ఫ్లోరెన్స్ అనే ఊరు వెళ్ళింది. ఒక్కతే. పొద్దున రైలు దిగి, సాయంత్రం దాకా కాళ్ళరిగేలా తిరిగి, అక్కడి పెద్ద చర్చి గుమ్మటం మీదికి 463 మెట్లు ఎక్కి, పైనుంచి ఎర్రటి పెంకుటిళ్ళ కప్పులన్నీ ఫొటో తీసి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. 1436లో పూర్తయిన గుమ్మటమట, కింద కర్రల ఆసరా లేకుండా ఇటుకలతో లేపారట. మా మరిదిగారు వరసగా నాలుగు బొటనవేళ్ళు పెట్టారు. మా ఆడపడుచు "ధైర్యమంటే నీదే తల్లీ" అంది. మా ఆయనైతే ఆ ఫొటోలు షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించారు. నేనూ మురిసిపోయాను, కాదనను.

సంక్రాంతి హడావిడి అయ్యాక ఒక బుధవారం రాత్రి, అన్నాల దగ్గర, "రేపు అమరావతి వెళ్ళొస్తానండీ" అన్నాను.

"ఎవరితో?" అన్నారు.

"ఎవరితోనూ కాదు, నేనే."

చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, "ఎందుకు?" అన్నారు.

కోపంగా అనలేదండీ. నిజంగానే అర్థం కాక అడిగారు. నా దగ్గరా జవాబు లేదు. పేటకి కోడలిగా వచ్చి 27 ఏళ్ళు. ఆ రాత్రి పడుకుని నా ప్రయాణాలన్నీ లెక్కేసుకున్నా. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, చావులు, గుంటూరు ఆసుపత్రులు, పిల్లల పరీక్షలు, తిరుపతి రెండుసార్లు, ఏటా శివరాత్రికి కోటప్పకొండ. వాటిలో ఒక్కటి కూడా 'చూడాలనిపించింది, వెళ్ళాను' అనేది కాదు. పక్కన మనిషి లేకుండా అంతకన్నా లేదు.

అమరావతి అనగానే మా వాడు "సెక్రటేరియట్‌లో ఏం పనమ్మా?" అన్నాడు. రాజధాని వచ్చిన దగ్గర్నుంచీ పాత అమరావతికి ఈ తిప్పలొచ్చిపడ్డాయి. నేననేది కృష్ణ ఒడ్డున అమరేశ్వరుడున్న ఊరు, సత్యం శంకరమంచి గారు నూరు కథలు రాసిన ఊరు. 2022లో జిల్లాలు మార్చాక అది మన పల్నాడు జిల్లాలోకే వచ్చింది. అంటే నేను జిల్లా కూడా దాటడం లేదు, మధ్యలో గుంటూరులో బస్సు మారడం తప్ప.

గురువారమే ఎందుకంటే, అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు.

పొద్దున్నే కూరా పప్పూ చేసి, అత్తయ్యకి మాత్రలు విడిగా పెట్టి, పాలవాడికి చెప్పి, ఇన్ని చేశాకే గడప దాటా. మా అమ్మాయి ఫ్లోరెన్స్ బయల్దేరేముందు ఏం చేసిందో గానీ, ఎవరికీ పప్పు మాత్రం వండిపెట్టి ఉండదు. బస్సులో ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టిక్కెట్టు కొట్టిచ్చాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఉచితం కదా. నిజం చెప్పాలంటే ఆ టిక్కెట్టు లేకపోతే నాకీ ఆలోచనే వచ్చేది కాదు. డబ్బులకి కాదు. 'ఊరికే' వెళ్ళడానికి డబ్బు ఖర్చు పెడితే లెక్క చెప్పుకోవాలనే బెరుకు. ఇప్పుడా బెరుకు పోయింది. రోజు మాత్రం ఇంకా ఎవరో ఇవ్వాల్సిందే.

యడ్లపాడు దగ్గర ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. కంటి ఆసుపత్రికి పోతోందట. రెండు నిమిషాలు ఆగి అడగనే అడిగింది.

"యాడికి పోతన్నావమ్మా?"

"అమరావతికండీ."

"ఒక్కదానివేనా? మొక్కుందా?"

"అవునండీ, మొక్కు" అనేశాను.

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట! ఆవిడ తలాడించి, "మంచిది తల్లీ, స్వామి చల్లగా చూస్తాడు" అంది. ఇంకో ప్రశ్న లేదు. మొక్కు అనే మాట ఆడదానికి గొడుగు లాంటిది, కింద నిలబడితే ఎవరూ తడమరు. గుంటూరు వచ్చేదాకా నాకు సిగ్గేసింది. ఆవిడకి అబద్ధం చెప్పినందుకు కొంచెం, నిజం చెప్పడానికి నోరు రానందుకు చాలా.

ఇక్కడ ఒకటి రాయాలి, మగవాళ్ళు చదివితే చదవనీండి. పొద్దున నుంచి నేను రెండు గుక్కలకి మించి నీళ్ళు తాగలేదు. ఎందుకో ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. దారిలో ఒకచోట మరుగుదొడ్డి ఉంది గానీ గడియ లేదు, ఒక చేత్తో తలుపు పట్టుకోవాలి, మరి బ్యాగు ఎవరు పట్టుకోవాలి? అందుకే మనం జంటగా వెళ్తామేమో! బస్సు ఉచితం చేసినవాళ్ళు నాలుగు గడియలు బిగిస్తే ఇంకో వెయ్యిమంది గడప దాటుతారు. ఒంటరి ప్రయాణం అనగానే అందరూ దొంగల గురించీ పోకిరీల గురించీ చెప్తారు. నన్ను ఆ రోజు నిజంగా భయపెట్టింది మాత్రం గడియ లేని ఆ తలుపే.

లాం ఫారం దాటి, మిరప చేలు చూసుకుంటూ అమరావతిలో దిగేసరికి ఎండెక్కింది. ముందు గుడికే వెళ్ళా, చెప్పిన అబద్ధాన్ని కొంతైనా నిజం చేద్దామని. పంచారామాల్లో ఇది అమరారామం. లింగం ఎంత ఎత్తంటే పూజారి పై అంతస్తు నుంచి అభిషేకం చేస్తాడు. లింగం పెరిగిపోతుంటే నెత్తిన మేకు కొట్టారనీ, అప్పుడు కారిన నెత్తురే ఆ ఎర్ర చారనీ చెప్తారు. చిన్నప్పుడు ఈ కథ వింటే మహిమ అనిపించేది. ఈసారెందుకో, పెరుగుతున్నదాని నెత్తిన మేకు కొట్టడమేమిటి పాపం అనిపించింది. అక్కడి నుంచి రేవుకెళ్ళి మెట్ల మీద కూర్చున్నా. అరగంటో గంటో తెలీదు. ఫోను తియ్యలేదు. పద పద అనే గొంతు లేదు.

తర్వాత అసలు చూడాలనుకున్నది, మహాస్తూపం. వెళ్ళి చూస్తే నిరాశ పడతారు, ముందే చెప్తున్నా. అడ్డంగా యాభై మీటర్లుండే గుండ్రటి ఇటుకల దిబ్బ, చుట్టూ అక్కడక్కడా నిలబెట్టిన రాళ్ళు, అంతే. క్రీస్తుకు ముందు మూడో శతాబ్దంలో మొదలై, శాతవాహనుల కాలంలో పెరిగి, దేశదేశాలవాళ్ళు వచ్చి మొక్కిన చోటు. దీపాలదిన్నె అనేవాళ్ళట. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు ఇక్కడ ఊరు కడుతూ రాళ్ళ కోసం తవ్విస్తే బయటపడింది. 1797లో మెకంజీ దొర వచ్చి చూశాడు. మళ్ళీ ఇరవై ఏళ్ళకి వచ్చి బొమ్మలు గీయించేసరికి చాలా రాళ్ళు పోయాయి. మిగిలినవాటిలో కొన్ని మద్రాసుకీ, కొన్ని లండనుకీ వెళ్ళాయి. లండన్‌లో వాటిని అమరావతి మార్బుల్స్ అంటారు. పాలరాయి కాదండీ అది, మన పలనాటి సున్నపురాయి! మా అమ్మాయి ఎక్కిన గుమ్మటాన్ని అక్కడివాళ్ళు ఆరువందల ఏళ్ళుగా ఇటుక కదలకుండా కాపాడుకుంటున్నారు. మన గుమ్మటం ఏ ఇంటి పునాదుల్లో ఉందో, ఏ సున్నపు బట్టీలో కాలిపోయిందో.

మ్యూజియం చిన్నదే గానీ నేను రెండు గంటలు ఉన్నా. రాళ్ళ మీద ఆడవాళ్ళని చూడండి ఈసారి వెళ్తే. కాళ్ళకి ఎన్నేసి కడియాలో, నడుముకి ఎన్ని వరసల మొలనూళ్ళో. ఒక్కొక్క రాయినీ ఎవరో ఒకరు దానం ఇచ్చారు, ఇచ్చినవాళ్ళ పేర్లు ప్రాకృతంలో చెక్కించారు. దాతల్లో రాజులకన్నా మామూలువాళ్ళే ఎక్కువ. వ్యాపారులు, భిక్షుణులు, గృహిణులు. అవును, ఇల్లు చూసుకునే ఆడవాళ్ళు తమ పేరు మీద రాయి ఇచ్చారు, ఆ పేరు రెండువేల ఏళ్ళు ఉంది. మన పేరు మీద గ్యాసు కనెక్షన్ ఉంటే గొప్ప. విధికుడు అనే తోలు పనివాడు పూర్ణకుంభం చెక్కిన రాయి ఇచ్చాడు. ఇప్పుడు మన రాష్ట్ర ముద్రలో ఉన్న పూర్ణకుంభం కూడా ఇక్కడి శిల్పాల నుంచి తీసుకున్నదే. ఇంటికొచ్చాక దాని అర్థం చదివా. తండ్రి పేరు నాగుడు, కొడుకు పేరు నాగుడు అని రాసి, తల్లితో, భార్యతో, కూతుళ్ళతో కలిసి ఇచ్చానన్నాడు. ఆ తల్లి పేరు లేదు, భార్య పేరు లేదు, కూతుళ్ళ పేర్లు లేవు. పుణ్యంలో వాటా ఇచ్చాడు, సంతోషం. ఇంకో నాలుగక్షరాలకి ఉలి అరిగిపోయేదా?

మధ్యాహ్నం హోటల్లోకి వెళ్తే కుర్రాడు నా వెనక్కి చూసి "ఎంతమందండీ?" అన్నాడు. "ఒక్కరే." మూల బల్ల చూపించాడు. నేను కిటికీ పక్కన కూర్చున్నా. ఆకు వేసి, అన్నం పెట్టి, పప్పు, గోంగూర, నెయ్యి వేశాడు. ఆవిర్లు పైకి లేస్తున్నాయి. ఇంట్లో నేను చివర తింటాను, చల్లారాక, గిన్నెలో మిగిలినదానితో. ఎవరూ అలా తినమనలేదు, అలా అలవాటైంది. వేడన్నం నాలుక కాల్చింది. ఏమిటో, కళ్ళలో నీళ్ళొచ్చాయి. గోంగూర కారం అనుకుని కుర్రాడు మజ్జిగ తెచ్చిపెట్టాడు.

అప్పుడే అమ్మాయి ఫోను. వెనక బస్సుల హారన్లు విని "ఎక్కడున్నావమ్మా?" అంది. చెప్పాను. అది ఏమందో తెలుసా?

"ఎవరితో వెళ్ళావు?"

463 మెట్లు ఒక్కతే ఎక్కిన పిల్ల! నేను నవ్వితే దానికీ అర్థమై, "అయ్యో అమ్మా, అలా కాదు" అని సర్దుకోబోయింది. దాని తప్పు కాదు. అమ్మ అంటే పక్కన ఎవరో ఒకరున్న మనిషి అని దాని మనసులో బొమ్మ. ఆ బొమ్మ నేనే గీశాను, 27 ఏళ్ళు.

ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో కాశీయాత్రకి బయల్దేరితే వెంట దాదాపు వందమంది. అందులో ఆయన తల్లీ భార్యా ఉన్నారు. పదిహేను నెలలకి పైగా తిరిగారు. ఆయన రాసుకున్నారు గనక ఆయన చూసినది మనకి తెలుసు. ఆ ఇద్దరికీ దారిలో ఏం నచ్చిందో మనకి తెలీదు. కుటుంబంతో వెళ్ళొద్దని నేను అనడం లేదు, నాకూ అదే ఇష్టం. కానీ నలుగురితో వెళ్తే నేను చూసేది సామాన్లు, చెప్పులు, పిల్లలు, అత్తయ్య మోకాళ్ళు. ఊరు కాదు. ఏడాదికి ఒక్క రోజు ఊరిని చూస్తానంటే ఇల్లు మునిగిపోదు. ఎందుకు అని అడిగితే కారణం చూపించాల్సిన పనీ లేదు.

125 అడుగుల ధ్యానబుద్ధుడి విగ్రహం దగ్గర కాసేపు నిలబడి, బస్సెక్కి ఇల్లు చేరేసరికి చీకటి పడింది. ఇల్లు మునగలేదు. మా ఆయన టీ పెట్టుకున్నారు, గిన్నె మాడింది, అంతే. అత్తయ్య గుట్టుగా నా దగ్గరికి వచ్చి, "ఎదురింటావిడ అడిగిందే, మొక్కు తీర్చుకోడానికి పోయిందని చెప్పాలే" అంది. ఆవిడా అదే గొడుగు పట్టింది, పాపం, నా మీద ప్రేమతోనే.

మర్నాడు ముగ్గు వేస్తుంటే ఎదురింటావిడ "మొక్కు తీరిందా వదినా?" అంది.

"మొక్కేం లేదు వదినా. ఊరికే, చూసొద్దామని వెళ్ళొచ్చా."

ఆవిడ చీపురు పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. తర్వాత వీధి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, పొద్దున బస్సు ఎన్నింటికి అని అడిగింది. చెప్పాను. శుక్రవారం వద్దని, ఆధార్ కార్డు మర్చిపోవద్దని, కిటికీ పక్కన బల్ల అడగమని కూడా చెప్పాను.