పేరు తెలియకపోతే దొంగేనా?

చాలా ఇళ్ళల్లో కంప్యూటర్ వాడేది మనమే, కానీ అది మనది కాదు. పిల్లల ప్రాజెక్టులకి ప్రింట్లు తీయాలన్నా, కరెంటు బిల్లు కట్టాలన్నా, మామగారి పెన్షన్ కాగితాలు వెతకాలన్నా మనమే కూర్చుంటాం. అదే కంప్యూటర్ కాస్త నెమ్మదించి, లోపల ఫ్యాను గట్టిగా మోగి, తెర మీద అర్థంకాని పేరేదో కనపడిందంటే చాలు, "నువ్వు ముట్టుకోకు, ఇంకేదో చెడగొడతావు" అనేస్తారు. ఈ "ముట్టుకోకు" అనే మాట ఇళ్ళల్లో వైరస్‌ల కంటే ఎక్కువ నష్టం చేస్తోందని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

మా పై వాటాలో ఒక పిన్నిగారున్నారు. కొడుకు అమెరికాలో ఉంటాడు. వాడితో మాట్లాడేది, మనవరాలి ఫోటోలు చూసుకునేది ఆ కంప్యూటర్‌లోనే. పోయిన ఏడాది ఒకరోజు తెరంతా ఎర్రగా అయిపోయి, సైరన్ లాంటి మోత మొదలై, "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని వచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు. ఆవిడ ఫోన్ చేశారు. అవతలివాడు మర్యాదగా మాట్లాడి, ఏదో ఒకటి డౌన్‌లోడ్ చేయించి, తన దగ్గర్నుంచే ఈవిడ కంప్యూటర్ నడపడం మొదలుపెట్టాడు. టాస్క్ మేనేజర్ తెరిచి, "చూడండి, ఎస్‌వీసీహోస్ట్ అని ఒకే పేరు ఎన్నిసార్లుందో. ఇవన్నీ వైరస్‌లే" అన్నాడు. 8,000 రూపాయలు పోయాయి.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఆవిడ నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. బాబాయిగారు తిడతారని భయం. సైబర్ మోసాలకి 1930 అని ఒక నంబరుంది. డబ్బు పోయిన వెంటనే దానికి ఫోన్ చేస్తే బ్యాంకులో ఆపడానికి కాస్త అవకాశం ఉంటుంది. నాలుగు రోజులయ్యాక ఏముంటుంది? ఆ మోసగాడికి సాయం చేసింది వైరస్ కాదు, ఇంట్లోవాళ్ళు ఏమంటారో అన్న భయం.

ఇంతకీ వాడు చూపించిన ఎస్‌వీసీహోస్ట్ విండోస్‌లో ఉండే మామూలు పనిమనిషి లాంటిది. నెట్ కనెక్షన్, ప్రింటరు, శబ్దం, అప్‌డేట్లు ఇలాంటి సేవలన్నీ దాని కిందే నడుస్తాయి. ఒకప్పుడు ఒక్కోదాని కింద చాలా సేవలుండేవి. 2017లో వచ్చిన విండోస్ 10 మార్పు తర్వాత, మూడున్నర జీబీ కంటే ఎక్కువ మెమరీ ఉన్న కంప్యూటర్లలో చాలా సేవలకి విడివిడిగా ఒక్కోటి పెట్టారు, ఒకటి చెడినా మిగతావి ఆగకుండా. అందుకే ఆ పేరు అన్నిసార్లు కనిపిస్తుంది. ఈ ఒక్క ముక్క తెలిసుంటే పిన్నిగారు ఫోన్ పెట్టేసేవారు. ఇంకోటి, మైక్రోసాఫ్ట్ వాళ్ళ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. నంబరు ఉందంటే అది మోసమే.

పేర్లు చూసి భయపడటంలో మన తప్పు కూడా లేదు. ఆ పేర్లు పెట్టినవాళ్ళని అనాలి. "యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్" అని ఒకటుంటుంది. అందులో మాల్వేర్ అన్న మాట చూడగానే గుండె జారుతుంది. తీరా చూస్తే అది విండోస్‌తో వచ్చే డిఫెండర్, అంటే మన కాపలాదారే. కంప్యూటర్‌ని వెతికేటప్పుడు కాస్త బరువుగా నడుస్తుంది, ఫ్యాను మోగుతుంది. "కాంపాట్‌టెల్ రన్నర్" అని ఇంకోటి. అది మైక్రోసాఫ్ట్‌కి కంప్యూటర్ వివరాలు పంపేది. నాకు అదంటే ఇష్టం లేదు గానీ, అది దొంగ మాత్రం కాదు.

మరి దొంగని ఎలా పట్టుకోవడం? గుమ్మంలోకి కొత్తమనిషి వస్తే మనం ఏం చేస్తాం? పేరడుగుతాం, ఎక్కడి నుంచి వచ్చారంటాం, ఎవరు పంపారో కనుక్కుంటాం. ఇక్కడా అంతే.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ముందు పేరులో అక్షరాలు ఒక్కొక్కటీ చదవండి. నేను తెలుగు బీఏ చదివిన మనిషిని. తొందరలో చదివితే 'ప'కీ 'వ'కీ తేడా ఎలా జారిపోతుందో పాత అచ్చు పుస్తకాలు చదివిన అందరికీ తెలుసు. దొంగలు కనిపెట్టిందీ ఆ కిటుకే. ఎస్‌వీసీహోస్ట్‌లో వీ, సీ అటూ ఇటూ మారుస్తారు, ఓ బదులు సున్నా పెడతారు. ఎల్‌సాస్ అని అసలైనదొకటుంది, దాని మొదట్లో చిన్న ఎల్ తీసి పెద్ద ఐ పెడితే కంటికి తేడానే తెలియదు.

తర్వాత ఆ పేరు మీద మౌస్ కుడి బటన్ నొక్కి "ఓపెన్ ఫైల్ లొకేషన్" అంటే దాని ఇల్లు చూపిస్తుంది. ఎస్‌వీసీహోస్ట్ ఉండాల్సిన చోటు సీ డ్రైవ్‌లో విండోస్, దాని లోపల సిస్టమ్32. అదే పేరుతో డౌన్‌లోడ్స్‌లోనో టెంప్ ఫోల్డరులోనో ఉంటే అది వేషం వేసుకొచ్చినదే. అలాగని సిస్టమ్32లో లేనివన్నీ దొంగలనుకోకండి. పైన చెప్పిన కాపలాదారు ఉండేది ప్రోగ్రామ్‌డేటా అనే ఫోల్డరులో. జూమ్ లాంటివి చాలాసార్లు యాప్‌డేటాలో ఉంటాయి. పేరుకి తగ్గ ఊరేనా అన్నదే చూడాల్సింది.

ఆ ఫైలు మీదే మళ్ళీ కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే "డిజిటల్ సిగ్నేచర్స్" అని కనిపిస్తుంది. ఎవరు తయారుచేశారో ఆ సంతకం చెప్తుంది. విండోస్ సొంత ఫైళ్ళు కొన్నిటికి ఆ పేజీయే ఉండదు, వాటి సంతకాలన్నీ కలిపి వేరే చోట దాస్తారు. కాబట్టి అది లేదని కంగారు పడక్కర్లేదు. ఉన్నంత మాత్రాన పూర్తిగా నమ్మనూ అక్కర్లేదు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే వైరస్, రియల్‌టెక్, జేమైక్రాన్ అనే నిజమైన కంపెనీల సంతకాలు దొంగిలించి తిరిగింది. అవి ఇరాన్ అణు కేంద్రం మీదకి వెళ్ళినవి లెండి, మన వీధి దాకా వచ్చే దొంగలకి అంత ఓపిక ఉండదు.

ఇంకా అనుమానం ఉంటే వైరస్‌టోటల్ ఉంది. ఫైలు అక్కడ పెడితే అనేక యాంటీవైరస్‌లు ఒకేసారి చూసి చెప్తాయి. ఒకటో రెండో ఎర్రగా చూపిస్తే పొరపాటై ఉండొచ్చు, చాలావరకు ఎర్రబడితే మాత్రం అనుమానమే లేదు. అక్కడ పెట్టినవి వేరేవాళ్ళూ చూడగలరు, కాబట్టి బ్యాంకు కాగితాలు, ఆధార్ లాంటివి పెట్టకూడదు. నిజంగా దొంగే అనిపిస్తే ముందు నెట్ ఆపి, డిఫెండర్‌లో "ఆఫ్‌లైన్ స్కాన్" నడపండి. కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదలై, విండోస్ లేవకముందే వెతుకుతుంది. పావుగంట పడుతుంది, పప్పు ఉడికేలోపు అయిపోతుంది.

కనపడ్డవాటినల్లా "ఎండ్ టాస్క్" నొక్కడం, ఫైలు తుడిచేయడం మాత్రం వద్దు. 2002లో ఒక ఈమెయిల్ దేశదేశాలు తిరిగింది. మీ కంప్యూటర్‌లో ఎలుగుబంటి బొమ్మతో ఒక ఫైలుంది, అది వైరస్, తీసేసి మీకు తెలిసినవాళ్ళందరికీ చెప్పండి అని. జనం వెతికారు, ఎలుగుబంటి నిజంగానే కనిపించింది, తీసేశారు. పాపం అది విండోస్‌తో వచ్చిన మంచి ఫైలే, జావా ప్రోగ్రాములు రాసేవాళ్ళకి పనికొచ్చేది. ఇప్పుడు ఫామిలీ గ్రూపుల్లో "అందరికీ పంపండి" అంటూ వచ్చేవాటికి ఆ ఎలుగుబంటి పెద్దమ్మ.

ఇందులో ఏదైనా మనవల్ల కానిది ఉందా చెప్పండి? కందిపప్పులో రాళ్ళేరినంత ఓపిక చాలు. ఉద్యోగాలు చేసే మగవాళ్ళందరికీ ఇవి తెలుసని కూడా నేననుకోను. మావారిని అడిగితే "రీస్టార్ట్ చెయ్యి" అంటారు. నిజం చెప్పాలంటే సగంసార్లు అదీ పనిచేస్తుంది. అడగడం తప్పు కాదు, డబ్బు పోయిందని చెప్పడమూ తప్పు కాదు. చెప్పినవాళ్ళని తిట్టడమే తప్పు. పిన్నిగారిని ఆ తర్వాత ఆర్నెల్లు కంప్యూటర్ దగ్గరికి రానివ్వలేదు, మనవరాలితో మాట్లాడాలన్నా బాబాయిగారు ఖాళీగా ఉండాలి. దొంగ తీసుకెళ్ళింది 8,000, ఇంట్లోవాళ్ళు తీసుకున్నది అంతకంటే పెద్దది.

ఇప్పుడు ఆవిడ మధ్యాహ్నాలు కిందకి వస్తున్నారు. నా పాలలెక్కల పుస్తకం వెనక పేజీల్లో మా ఇద్దరి కంప్యూటర్లలో కనిపించే పేర్లు రాసుకుంటున్నాం. పేరు, అది ఉండే ఫోల్డరు, ఎవరి సంతకం, మూడు గడులు. పదిహేడు అయ్యాయి. మొన్న చేరింది వాళ్ళ ప్రింటరుదట. ఆవిడే కనుక్కొచ్చి చెప్పారు.