వాల్యూమ్ తిప్పేముందు

కిందటి సంక్రాంతికి అమలాపురం వెళ్తూ నా పెద్ద స్పీకర్లు నాన్నకి పట్టుకెళ్లాను. ఇంట్లో ఉన్న 20 వాట్ల ఆంప్లిఫయర్‌కే తగిలించా. "ఆంప్లిఫయర్ చిన్నదైతే స్పీకర్‌కి భయం లేదు నాన్నా" అని ఇంజినీర్ భరోసా కూడా ఇచ్చా. ఇళయరాజా పాట హోరెత్తింది. కాసేపటికి మువ్వల చప్పుడు మాయం. ట్వీటర్ కాలిపోయింది!

రిపేరు షాపాయన నవ్వాడు. "ఆయ్, బండి చిన్నదండి, బరువు పెద్దదండి."

లెక్క వేస్తే ఆయన మాటే నిజం. నా స్పీకర్ల సెన్సిటివిటీ 84 డెసిబెల్స్. అంటే 1 వాట్ ఇస్తే మీటరు దూరంలో వినిపించే శబ్దం అంత. చెవికి అది రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. దానికి 10 వాట్లు కావాలి. మళ్లీ రెట్టింపుకి 100! అక్కడ చిన్న ఆంప్లిఫయర్ చేతులెత్తేసి, శబ్ద తరంగం తల కోసేస్తుంది. అదే క్లిప్పింగ్. అందులో పుట్టే అదనపు హై ఫ్రీక్వెన్సీలు ట్వీటర్‌ని వేడెక్కించి మాడ్చేస్తాయి. పైగా 4 ఓమ్‌ల స్పీకర్ 8 ఓమ్‌ల దానికి రెట్టింపు కరెంటు లాగుతుంది.

అందుకే కొనేటప్పుడు వాట్లొక్కటే కాదు, సెన్సిటివిటీ, ఓమ్‌లు కూడా చూడండి. పాట గరగరలాడితే వెంటనే వాల్యూమ్ తగ్గించండి.

4 ఓమ్‌లకి పనికొచ్చే 100 వాట్ల ఆంప్లిఫయర్ తెచ్చిచ్చా. నాన్న ఒకటే అన్నారు: "ఈసారి భరోసా ఇవ్వకురా."