ఇంటి బీమాకు బండి లెక్క వద్దు



గట్టి వాన పడి ఇళ్లలోకి నీళ్లు చేరినప్పుడల్లా నంద్యాలలోనూ మా ఆళ్లగడ్డలోనూ ఒకటే మాట వింటున్నాను. ‘క్లెయిమ్ పెడితే వచ్చే ఏడు ప్రీమియం పెంచుతారంట, ఎందుకులే’ అని. ఇది బండి బీమా నేర్పిన భయం. బండికైతే నిజమే. క్లెయిమ్ పెట్టని ఏళ్లకు 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగే రాయితీ ఒక్క క్లెయిమ్‌తో పోతుంది. అందుకే బంపర్ మీద గీతకు సొంత డబ్బు పెట్టుకుంటాం. ఇంటికి అలా కాదు. 2021 ఏప్రిల్‌లో కంపెనీలన్నీ ఒకే షరతులతో అమ్మడం మొదలుపెట్టిన ఇంటి బీమా పాలసీ ‘భారత్ గృహ రక్ష’లో అలాంటి రాయితీయే లేదు. లేని రాయితీ పోతుందని ఉన్న డబ్బు వదులుకుంటున్నాం.

2019 సెప్టెంబరు వానలు ఎవరూ మరిచిపోలేదు. కుందూ నది పొంగింది, మహానంది గుడిలోకే నీళ్లొచ్చాయి. అప్పుడు మా బంధువుల ఇంట్లో బియ్యం మూటలు ముక్కిపోయాయి, ప్లైవుడ్ బీరువా అడుగంతా ఉబ్బి తలుపు పడకుండా పోయింది, ఫ్రిజ్ వెనక కంప్రెసర్ నిండా బురద. ఇంటి అప్పుతో పాటు బ్యాంకు బీమా కూడా కట్టించుకుందని వాళ్లకు గుర్తొచ్చేసరికి ఇల్లు కడగడం, పాడైనవి పాతసామాన్ల వాడికి వేయడం అయిపోయాయి. అయినా అడిగి చూద్దామంటే ఏజెంటే వద్దన్నాడు. సర్కారు సాయానికైతే ఆధార్ కార్డు పట్టుకుని వరసలో నిలబడతాం. డబ్బు పోసి కొన్న పాలసీని అడగడానికి మాత్రం మొహమాటం!

అన్నిటికీ క్లెయిమ్ పెట్టమని నేననను. చూడాల్సింది నష్టం దేనివల్ల వచ్చిందని. వరద, గాలివాన, అగ్ని, ట్యాంకో పైపో పగిలి నీళ్లు పారడం పాలసీలో ఉన్నాయి. ఏళ్లుగా కారుతున్న స్లాబు, కొత్త ఇల్లు కుదురుకునేటప్పుడు వచ్చే పగుళ్లు లేవు. మన నల్లరేగడి నేలలో గోడ పగలని ఇళ్లు ఎన్నని చూపిస్తాం? వాటి మీద ఆశ వద్దు. రెండు మూడు వేల మరమ్మతుకైతే కాగితాల వెంట తిరగడమే దండగ. ఇల్లు, సామాను రెండింటికీ పాలసీ ఉంటే సామానుకు ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా రక్షణ ఉంటుంది. అప్పుతో పాటు అంటగట్టే పాలసీ గోడలకు మాత్రమే కావచ్చు, తీసి చదవాలి.

క్లెయిమ్ పెట్టాలా వద్దా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు, ముందు కంపెనీకి ఫోన్ చేసి చెప్పాలి. గోడ మీద నీటి గీత ఉండగానే ఫొటోలు తీయాలి. బురద కనబడితే చీపురు పట్టకుండా ఉండలేం మనం, ఆ ఒక్క పూట ఆగాలి. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినా కంపెనీ కాదంటే, లేదా నెల దాకా జవాబివ్వకుంటే, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ మన రాష్ట్రం ఫిర్యాదులు కూడా తీసుకుంటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

బ్యాంకులకు ఒక మాట. ప్రీమియం కోసుకున్న రోజే పాలసీ కాపీ ఇంటివాళ్ల చేతికివ్వండి. దేనికి వర్తిస్తుందో, దేనికి వర్తించదో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో మొదటి పేజీలో తెలుగులో అచ్చువేయండి.

— ఒక పాఠకురాలు, ఆళ్లగడ్డ, నంద్యాల జిల్లా