మా చిన్నోడు తొక్కగలిగితేనే అది సైకిల్ రాస్తా



మా చిన్నోడు ఏడో తరగతి. "అబ్బా, సైకిల్ మీద స్కూల్‌కి పోతా" అని రంజాన్ నుంచి ఒకటే జిద్. ఈద్‌కి వాళ్ల మామూ కొనిచ్చిన సైకిల్ దాలాన్‌లో దుమ్ముపట్టి ఉంది. వద్దంటున్నది నేనే. షరమ్‌గా ఉంది. ఇదే రోడ్డు మీద మా అబ్బాజాన్ ముప్పై ఏళ్లు సైకిల్ తొక్కి మమ్మల్ని సాకారు.

సరే, ముందు నేనే చూద్దామని మొన్న సోమవారం పొద్దున ఎనిమిదింటికి అదే సైకిల్ తీశాను. ఫజర్ తర్వాత చూస్తే ఏ రోడ్డైనా జన్నతే, కాబట్టి స్కూళ్ల టైమే ఎంచుకున్నా. షాలిబండ నుంచి హరిబౌలి, మొఘల్‌పురా, ఐతేబార్ చౌక్ మీదుగా దారుల్‌షిఫా దాకా. ఎడమ అంచంతా నిలబెట్టిన బండ్లే. వాటిని తప్పించుకుంటూ నడిరోడ్డు మీదికి రావాలి, వెనక నుంచి బస్సు హారన్. ఒక కారు తలుపు ముఖం ముందే తెరుచుకుంది. ఒకచోట మోరీ జాలీ కంతలు సరిగ్గా చక్రం పోయే దిశలోనే ఉన్నాయి, ముందు చక్రం దిగితే మనిషి బోర్లా పడాల్సిందే. కూల్చిన ఇళ్ల మట్టి, రాళ్లు వేరే. రెండుసార్లు దిగి నడిచాను. నలభై రెండేళ్ల మనిషిని నేను.

మన షహర్‌లో మంచి ట్రాక్ లేదా? ఉంది. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్లు వేశారు. పైన సోలార్ కప్పు, కింద నాలుగున్నర మీటర్ల వెడల్పు. మాషా అల్లాహ్, బాగుంది. కానీ మా మొహల్లా నుంచి అక్కడికి చేరాలంటే సైకిల్‌ని కారు మీద కట్టుకుపోవాలి. అది సైర్‌కి వేసిన దారి. పాలు వేసేవాడూ, కార్ఖానాకి పోయే మజ్దూరూ, మదర్సా పిల్లలూ ఎక్కడ తొక్కుతున్నారో అక్కడ ఒక్క గజం లేదు. ఇదేం ఇన్సాఫ్?

సైకిల్ దారుల్ని కొలవడానికి అమెరికాలో 2012లో ఒక పద్ధతి తెచ్చారు. మొత్తం నాలుగు దర్జాలు. పిల్లలు కూడా బెదరకుండా తొక్కగలిగేది మొదటిది. ఇంకో ఉసూల్ ఏమిటంటే, దారిలో అన్నిటికన్నా ఖరాబ్ ముక్క ఏ దర్జాదో మొత్తం దారిదీ అదే దర్జా. అంటే మూడు కిలోమీటర్లలో ఒక్క చౌరస్తా ప్రాణాంతకమైతే, మిగతాదంతా మఖ్మల్ పరిచినా ఫెయిలే. ఈ లెక్కన మా రోడ్డు నాలుగో దర్జా.

"పాత షహర్‌లో జాగా ఏది భాయ్?" అంటారు. ఇన్నాళ్లూ ఆ బహానా నడిచింది. ఇప్పుడు చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మెట్రో కోసం ఇదే రోడ్డుని వంద అడుగులు చేస్తున్నారు. మనవాళ్లే తాతల నాటి ఇళ్లు, దుకాణాలు ఇస్తున్నారు. ఆ వందలో రెండు పక్కలా ఆరేసి అడుగులు సైకిల్‌కి అడగడం భీక్ కాదు, హక్. అదీ గట్టు కట్టి ఇవ్వాలి. ఉత్త పెయింట్ గీత గీస్తే జొహర్ కల్లా పార్కింగ్ అయిపోతుంది.

ఆ పార్కింగ్ ఎవరిది? చేదుగా ఉన్నా చెప్తాను. జుమ్మా రోజు మసీదు ముందు బండ్లు అడ్డంగా పెట్టి పోయేది మనమే. దుకాణం సామాను రోడ్డు మీద పరిచేదీ మనమే. దారిలోంచి తక్లీఫ్ కలిగించే దాన్ని తీసేయడం ఇమాన్‌లో భాగమని హుజూర్ (సల్లల్లాహు అలైహి వసల్లం) నేర్పారు. ఆ హదీసు బయాన్‌లో విని సుబ్‌హానల్లాహ్ అంటాం, బయటికొచ్చి బండిని అక్కడే పెడతాం. మా మసీదు కమిటీతో మాట్లాడాను. వచ్చే జుమ్మా నుంచి బండ్లు ఒక్క పక్కనే పెట్టిస్తామన్నారు. చూడాలి.

మీరూ ఒకరోజు పొద్దున ఎనిమిదింటికి మీ పిల్లల స్కూలు దారి సైకిల్ మీద వెళ్లి చూడండి. ఎక్కడ దిగి నడవాల్సి వచ్చిందో కాగితం మీద రాసి మీ కార్పొరేటర్ చేతికివ్వండి. మా రోడ్డు కాగితం రాసేశాను. గట్లు, పేవ్‌మెంట్లు పోసేశాక అడిగితే ఎవరూ వినరు.