పట్వారి పోయిండు, సందు పోలేదు

1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. ఊరి జాగలన్నీ ఒక్కడి దస్త్రంలో, ఒక్కడి కలం మొన మీద ఉండే కాలం పోయిందని కూలోళ్లు సంబురపడ్డరు. 2020 అక్టోబర్ 29న ధరణి, 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చాయి. ఇప్పుడు మన హక్కు కంప్యూటర్ పట్టికలో ఉన్నది. కంప్యూటర్‌కు కులం లేదు, లంచం లేదు అంటరు. నిజమే. కానీ దానికీ తాళాలున్నాయి. వాటి సంగతి మనం తెలుసుకోవద్దా?

2016లో మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్లలో ఒక లోపం బయటపడ్డది. ప్రపంచంలో వేలాది కార్యాలయాలు వాడే సరుకు ఇది. ఆ యంత్రంలో చిన్న పని కోసం ఖాతా ఉన్న మనిషి ఒక పట్టికను మరమ్మతు చేయమని ఆజ్ఞ ఇస్తాడు. సర్వర్ తాత్కాలిక ఫైలు తయారుచేసి దాని అనుమతులు మార్చే రెప్పపాటులో, వాడు ఆ ఫైలు తీసి వేరే ఫైలుకు దారి పెడతాడు. సర్వర్ తన అధికారంతో దాని అనుమతులే మారుస్తుంది. సాహెబు కలం సిరాలో ముంచేలోపు కాయితం మార్చినట్టు! అక్కడి నుంచి లాగ్ ఫైలులోని మరో లోపంతో యంత్రం మొత్తానికి యజమాని కావచ్చు. తర్వాత సవరణలు విడుదలయ్యాయి. వేయించుకున్నవారికే రక్షణ.

ఇది ధరణి మీదనో భూభారతి మీదనో నింద కాదు. నేర్చుకోవాల్సింది ఒక్కటే: ప్రహరీ ఎంత ఎత్తు కట్టినా, లోపలివాడికి దొరికే సందు మూయదు. అరెకరం అసైన్డ్ భూమి ఉన్న కూలీకి పేరు మారిన సంగతి ఎప్పుడు తెలుస్తది? రైతుభరోసా పైసలు పడనప్పుడు! అప్పటికి పంట కాలం పోతది.

కాబట్టి మనం అడగాలి. సవరణ రాగానే వేసి, వేసిన తేదీ ప్రకటించాలి. చిన్న పనికి చిన్న అధికారమే ఇవ్వాలి. అధికారి పాస్‌వర్డ్ మరొకరి చేతికి పోవద్దు. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో ఆ లెక్క వేరే యంత్రంలో, మార్చినవాడి చేతికి అందనిచోట ఉండాలి. ఏటా పహాణీని గ్రామసభలో పైకి చదవాలి. పదిమంది విన్న పేరును చీకట్లో చెరపడం కష్టం.

కంప్యూటర్ వద్దని మనం అనడం లేదు. కాపలా మనది కూడా కావాలంటున్నాం.

— ఒక రైతుకూలీ కార్యకర్త, ఇందల్వాయి