కోటి రూపాయల కారు ముప్పై లక్షలకు వస్తోందంటే…

వేలూరు, గుడియాత్తం ప్రాంతాల మన తెలుగు ఇళ్లలో ఈ మధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది: "కోటి రూపాయల కారు, బెంగళూరులో ముప్పై లక్షలకే ఇస్తున్నారు." పెళ్లిళ్ల ముందు ఈ మోజు ఇంకా ఎక్కువ. బెంట్లీ కాంటినెంటల్, ఆస్టన్ మార్టిన్ వంటి దూరప్రయాణాల విలాస కార్లు మన వీధుల్లోకి రావడం అరుదే కానీ, బెంజ్, బీఎండబ్ల్యూ, జాగ్వార్ పాత బండ్లు వస్తూనే ఉన్నాయి. నగలు కుదువపెట్టి కొనే ముందు ఈ ధర ఎందుకింత పడిపోతుందో తెలుసుకోవడం మంచిదని మా సంఘం భావిస్తోంది.

మొదటి కారణం పన్ను. కొత్త కారుకు పెట్టిన డబ్బులో పెద్ద భాగం కారుది కాదు. తమిళనాడులో 2023 నవంబరు నుంచి 20 లక్షలు దాటిన కొత్త కార్లకు జీవితకాల పన్నే 20 శాతం. దానికి ముందే దిగుమతి సుంకం, జీఎస్టీ ఉంటాయి. అమ్మేటప్పుడు ఇవేవీ పూర్తిగా తిరిగి రావు.

రెండవది తరుగుదల. బీమా లెక్కలో కారు విలువ ఆరు నెలలలోపే 5 శాతం, ఏడాదికి 15 శాతం, నాలుగైదేళ్ల మధ్య 50 శాతం తగ్గుతుంది. ఆదాయపు పన్ను లెక్కలో ఏటా మిగిలిన విలువపై 15 శాతం చొప్పున పోతుంది. అలా చూస్తే 100 రూపాయలు ఐదేళ్లకు సుమారు 44 అవుతుంది. విలాస కారును కొనేవారు తక్కువ కాబట్టి సంతలో ధర ఇంతకన్నా కిందికి జారడం కూడా మామూలే.

మూడవది, పాత కారు ధరను కొత్త కారు ధరే నిర్ణయిస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లపై సెస్సు పోయి జీఎస్టీ 40 శాతమైంది. అంతకుముందు సెస్సుతో కలిపి పెద్ద సెడాన్లకు 48, ఎస్‌యూవీలకు 50 శాతం ఉండేది. పన్నుకు ముందు కోటి రూపాయలున్న సెడాన్ ధర ఒక్కరోజులో 8 లక్షలు తగ్గిందన్నమాట. ఆ మేరకు పాత బండి కూడా దిగాల్సిందే. 2025 జూలై 24న బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందం ప్రకారం, నిర్ణీత కోటా వరకు అక్కడి కార్ల దిగుమతి సుంకం వంద శాతం పైనుంచి క్రమంగా 10 శాతానికి దిగుతుంది. బెంట్లీ, ఆస్టన్ మార్టిన్ రెండూ అక్కడ తయారయ్యేవే. ఈరోజు చవక అనిపించిన ధర రేపు ఎక్కువ అనిపించవచ్చు.

కొనేవారు మరచిపోయే సంగతి మరొకటి ఉంది. కారు ధర తగ్గుతుంది గాని మరమ్మతు ఖర్చు తగ్గదు. ముప్పై లక్షలకు కొన్నా, విడిభాగాలకు కోటి కారు ధరలే కట్టాలి. ఎయిర్ సస్పెన్షన్, గేర్‌బాక్స్ చెడితే మన ఊరి మెకానిక్ చేతిలో పని కాదు; చెన్నైకో బెంగళూరుకో పోవాలి.

జీఎస్టీ పేరుతో ఎవరైనా ఎక్కువ అడిగితే నిదానించండి. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన మండలి సమావేశం తరువాత పాత కార్ల మీద పన్ను 18 శాతమైంది. అది మొత్తం ధరపై కాదు, వ్యాపారి లాభంపై మాత్రమే. 30 లక్షలకు కొని 33 లక్షలకు అమ్మితే పన్ను 54 వేలు. జీఎస్టీ నమోదు లేని సొంతదారు తన కారు అమ్ముకుంటే ఈ పన్ను లేదు.

కర్ణాటక, ఆంధ్ర లేదా ఢిల్లీ బండి అయితే అక్కడి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఇక్కడ మళ్లీ కట్టాల్సిన పన్ను కలిపి లెక్క వేయండి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ల డీజిల్ బండ్లపై వచ్చిన ఆంక్షల వల్ల అక్కడ చవకగా దొరుకుతాయి. ఆ చవక వెనుక వయసుంది.

అమ్మేవారికీ ఒక మాట. ఫారం 29, 30 ఇచ్చి పేరు మార్పించనిదే తాళాలు ఇవ్వవద్దు. ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది.

కారు వద్దని మేము అనడం లేదు. కొనే ధరతో పాటు మూడేళ్ల బీమా, మరమ్మతులు, వడ్డీ ఒక కాగితంపై రాసి, ఇంట్లో పెద్దల ముందు పెట్టండి. ఆ మొత్తం చూశాక కూడా కావాలనిపిస్తే నిశ్చింతగా కొనుక్కోండి.